అది మొండితనం కాదు, మోత!

ఒక్క నిమిషం ఊహించుకోండి. మీ ఫోన్‌లో వాల్యూమ్ ఫుల్లుగా పెట్టి ఉంది. బ్రైట్‌నెస్ చూస్తే కళ్ళు మండుతున్నాయి. నోటిఫికేషన్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, ప్రతిదానికీ వైబ్రేషన్. ఫోన్ నిటారుగానే పట్టుకున్నారు, స్క్రీన్ మాత్రం దానంతటదే అడ్డం తిరిగిపోతోంది. ఆపేద్దామంటే వేలు బటన్ దాకా పోదు. ఎవరినైనా పిలుద్దామంటే నోట మాట రాదు. పక్కనున్నవాళ్ళేమో "ఏందిరా నీ గోల" అని కసురుతున్నారు.

ఎంతసేపు తట్టుకోగలరు?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి రోజులో కొంతసేపైనా లోకం ఇట్లాగే తగులుతుంది. వాళ్ళు నడవలేకపోవడం, చేతులు బిగుసుకుపోవడం మనకు కనిపిస్తాయి. లోపల జరిగే ఈ మోత కనిపించదు. కనిపించదు కాబట్టి దానికి మనం పెట్టే పేర్లు వేరే: మొండి, పెంకి, దిష్టి, అతి గారాబం.

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. నేను ఆత్మకూరులో ఉంటాను. అక్కావాళ్ళది ఉదయగిరి. అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. ఇంట్లో అందరికీ వాడు 'చిన్నోడే'. నడవలేడు. మాటలు ఓ పదిహేను వచ్చు. అందులో 'మామ' ఒకటి. కళ్ళతో మాత్రం కబుర్లన్నీ చెబుతాడు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు, ఒళ్ళంతా విల్లులా వెనక్కి వంగిపోతుంది. చుట్టాలొచ్చి ముద్దుగా బుగ్గ నిమిరితే గుక్కపట్టి ఏడుస్తాడు. అదే వాళ్ళమ్మ నూనె పెట్టి గట్టిగా ఒళ్ళు రుద్దితే హాయిగా నవ్వుతాడు. "వాడికి మనుషులంటే గిట్టదు తల్లీ" అని పెద్దవాళ్ళు తేల్చేశారు. గిట్టనిది మనుషులా, ఆ తాకే తీరా?

కాళ్ళూ చేతుల జబ్బేనా?

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. కడుపులో ఉన్నప్పుడో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల వస్తుంది. ఆ దెబ్బ రోజురోజుకీ పెరిగేది కాదు. కానీ దాని ప్రభావం జీవితాంతం ఉంటుంది. మన దేశంలో వెయ్యిమంది పిల్లల్లో సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా.

1861లో లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే డాక్టర్, కష్టమైన కాన్పుకీ పిల్లల కాళ్ళు బిగుసుకుపోవడానికీ సంబంధం ఉందని వివరించాడు. అప్పట్లో దీన్ని 'లిటిల్స్ డిసీజ్' అనేవాళ్ళు. ఆ తరవాత నూరేళ్ళకు పైగా అందరి చూపూ కాళ్ళ మీద, చేతుల మీదే. నడిపించడం ఎట్లా, బిగుసు తగ్గించడం ఎట్లా అన్నదే చర్చ.

2007లో అంతర్జాతీయ నిపుణులు ప్రచురించిన కొత్త నిర్వచనంలో ఒక ముఖ్యమైన వాక్యం చేరింది. కదలిక ఇబ్బందులతో పాటు స్పర్శ, గ్రహింపు, ఆలోచన, మాట, ప్రవర్తనల్లో ఇబ్బందులు కూడా తరచుగా ఉంటాయని దాని సారాంశం. అంటే చిన్నోడికి కుక్కర్ విజిల్‌తో ఉన్న పేచీ, వాడి కాళ్ళ బిగుసు, రెండూ ఒకే మూలం నుంచి రావచ్చన్నమాట.

ఇది స్కానింగుల్లోనూ కనిపించింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో అలెగ్జాండర్ హూన్ బృందం నెలలు నిండకుండా పుట్టి, ఈ సమస్య వచ్చిన పిల్లల మెదళ్ళను ప్రత్యేకమైన ఎమ్మారై పద్ధతిలో పరిశీలించింది. 2002లో, 2009లో వచ్చిన వాళ్ళ వ్యాసాలు ఒక విషయం చెప్పాయి. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్ళే దారులకే కాదు, ఒంటి నుంచి మెదడుకు కబురు తెచ్చే దారులకు కూడా దెబ్బ తగిలి ఉంటోంది. పోయే రోడ్డు గురించే ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నాం. వచ్చే రోడ్డు కూడా గుంతలమయమే.

ఐదు కాదు, ఇంకా ఉన్నాయి

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. బళ్ళో మనం నేర్చుకున్న ఇంద్రియాలు ఐదు. మెదడుకు కబుర్లు తెచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి.

మొదటిది, లోచెవిలో ఉండే తూకం. మీ ఫోన్ పడుకుందో నిలబడిందో చెప్పే సెన్సార్ ఉంటుంది కదా, అట్లాంటిదే. తల ఎటు వంగింది, ఒళ్ళు ఎటు కదులుతోంది అని చెబుతుంది. రెండోది, కండరాలు, కీళ్ళ నుంచి వచ్చే ఒంటి ఎరుక. కళ్ళు మూసుకున్నా మీ చెయ్యి ఎక్కడుందో మీకు తెలుస్తుంది, దీని పుణ్యమే. మూడోది లోపలి కబురు. ఆకలి, దాహం, ఒంటికి వెళ్ళాలనిపించడం, గుండె దడ.

ఈ కబుర్లన్నిటినీ పోగేసి, అక్కర్లేనివి వదిలేసి, కావలసినవి ముందుకు తెచ్చే పని మెదడుది. మీరిప్పుడు ఇది చదువుతున్నారు. ఒంటిమీద చొక్కా తగులుతున్న సంగతి ఇప్పుడు నేను గుర్తుచేసేదాకా మీకు తెలియలేదు. మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. ఆ పక్కన పెట్టడం సరిగ్గా జరగకపోతే? చొక్కా కాలరు రోజంతా గీరుతూనే ఉంటుంది.

అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ ఈ సంగతి మీద చాలా ఏళ్ళు పనిచేసి 1972లో పుస్తకం రాశారు. ఇవాళ థెరపీ సెంటర్లలో వినిపించే 'సెన్సరీ ఇంటిగ్రేషన్' అనే మాట ఆవిడ ప్రచారంలోకి తెచ్చిందే.

ఈ ఇబ్బంది అందరిలో ఒకే తీరుగా ఉండదు. కొందరికి చిన్న చప్పుడూ పిడుగే. కొందరికి గట్టిగా తగిలినా తెలియదు. కొందరు ఊగడం, నమలడం, కొట్టుకోవడం లాంటివి కావాలని వెతుక్కుంటారు. ఒకే పిల్లాడికి చెవి దగ్గర ఎక్కువ, అరచేతి దగ్గర తక్కువ ఉండొచ్చు. మా చిన్నోడిది అదే వరస. చప్పుడంటే హడల్. కానీ కుడిచేతిలో రూపాయి బిళ్ళ పెట్టి చూడకుండా అదేంటో చెప్పమంటే తెలియదు. చేతికి తగిలింది, కానీ మెదడుకు అదేంటో అర్థం కాలేదు. బిళ్ళ జారిపోయినా తెలియదు. "చేతిలోవి పడేస్తాడు, శ్రద్ధ లేదు" అని తిట్టేవాళ్ళకు ఈ ముక్క తెలియాలి.

వాడి చేతులు చెవుల దాకా రావు

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇది. చప్పుడు పడని మామూలు పిల్లాడు ఏం చేస్తాడు? చెవులు మూసుకుంటాడు. ఇంకో గదిలోకి పరిగెత్తుతాడు. "ఆపండి" అని అరుస్తాడు. ఈ మూడూ చిన్నోడికి కుదరవు. చేతులు చెవుల దాకా రావు, కాళ్ళు పరిగెత్తవు, ఆ మాట నోట్లోంచి రాదు. వాడికి మిగిలింది రెండే: బిగుసుకుపోవడం, ఏడవడం. బిగుసుకుపోతే 'జబ్బు లక్షణం' అంటారు. ఏడిస్తే 'మొండి' అంటారు. రెండుసార్లూ అసలు కబురు మనకు అందదు.

దీనికి తోడు పుట్టినప్పటి నుంచి ఉండే ఉలికిపాటు ఒకటి ఉంది. చంటిపిల్లలు పెద్ద చప్పుడుకి చేతులు బార్లా చాపి ఉలిక్కిపడతారు. మామూలుగా ఆరు నెలల లోపు అది తగ్గిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలాకాలం ఉండిపోవచ్చు. అప్పుడు ప్రతి హారన్‌కీ ఒళ్ళంతా షాక్ కొట్టినట్టు అవుతుంది. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు. థెరపీకి వెళ్ళిన ప్రతిసారీ బస్సులో అంతదూరం హారన్లు, కుదుపులు, ఎండ. నెల్లూరులో దిగేసరికే వాడి పని అయిపోయేది. అక్కడ థెరపిస్టు ముందు కూర్చోపెడితే "సహకరించడం లేదు" అని ఫైల్లో రాసేవాళ్ళు. ఎట్లా సహకరిస్తాడు?

రెండు పిల్లి కూనల కథ

ఇంకో కారణం కూడా ఉంది. మెదడుకు తగిలిన దెబ్బ ఒకటైతే, అనుభవం లేకపోవడం రెండోది. మామూలు పిల్లలు ఏడాది నిండేలోపు పాకుతారు, మట్టి నోట్లో పెట్టుకుంటారు, గోడకు తల కొట్టుకుంటారు, రాగి డబ్బాలో చెయ్యి పెడతారు. మెదడుకు అదంతా పాఠం. ఎత్తుకుంటే తప్ప కదలని పిల్లాడికి ఆ పాఠం ఎవరు చెబుతారు?

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అనే శాస్త్రవేత్తలు రెండేసి పిల్లి కూనల్ని తీసుకుని ఒక ప్రయోగం చేశారు. రంగులరాట్నం లాంటి పరికరం. ఒక కూన తన కాళ్ళతో నడుస్తూ దాన్ని తిప్పుతుంది. రెండోది బుట్టలో కూర్చుని దాంతోపాటే తిరుగుతుంది. రెండూ చూసే దృశ్యం ఒకటే. కొన్నాళ్ళ తరవాత చూస్తే, నడిచిన కూన చూపుకు తగ్గట్టు పాదం వేయగలిగింది. బుట్టలో కూర్చున్నది వేయలేకపోయింది. తరవాత స్వేచ్ఛగా తిరగనిస్తే అదీ నేర్చుకుంది. చూడటం ఒక్కటే చాలదు, తను చేస్తూ చూడాలి.

1998లో లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం ఇంకో సరదా ప్రశ్నకు జవాబు వెతికింది. మనల్ని మనం చక్కిలిగింత ఎందుకు పెట్టుకోలేం? మనం చేసే పని వల్ల ఏం తగలబోతోందో మెదడుకు ముందే తెలుసు. అందుకే దాని జోరు తగ్గించేస్తుంది. ఇతరులు హఠాత్తుగా చేస్తే తగ్గించడానికి సమయం దొరకదు.

ఈ రెండు ప్రయోగాలూ సెరిబ్రల్ పాల్సీ గురించి చేసినవి కావు. కానీ వీటిని పక్కపక్కన పెట్టి చూశాక చిన్నోడి రోజు నాకు వేరేగా కనిపించింది. వాడి జీవితంలో అన్నీ వాడికి 'జరుగుతాయి'. ఎత్తుతారు, దించుతారు, ముఖం తుడుస్తారు, నోట్లో ముద్ద పెడతారు. వాడు చేసేది తక్కువ, చెప్పి చేసేవాళ్ళు ఇంకా తక్కువ.

బడి గంట ఇందుకు మంచి ఉదాహరణ. గంట మోగినప్పుడల్లా వాడు ఏడుస్తున్నాడని ఒక బడి వాళ్ళు "ఇంట్లోనే ఉంచుకోండమ్మా, మిగతా పిల్లలకు ఇబ్బంది" అన్నారు. తరవాత మారిన బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే టీచరమ్మ వేరే ఉపాయం చేశారు. వాడి కుర్చీని గంటకు దూరంగా జరిపించారు. గంట కొట్టే పిల్లాడు ముందు వీడి దగ్గరికొచ్చి కర్ర చూపించాలి. వీడు నవ్వాక వెళ్ళి కొట్టాలి. రెండు వారాలకు వీడి చేత్తోనే కర్ర పట్టించి, తన చెయ్యి ఆసరా ఇచ్చి కొట్టించారు. ఇప్పుడు ఆ గంటంటే వాడికి ప్రాణం. గంట మారలేదు, దాని మోతా మారలేదు. అది ఎప్పుడు మోగుతుందో వాడికి తెలుసు, అంతే.

ముందు నొప్పి సంగతి చూడండి

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి ఏడుపునీ 'సెన్సరీ' అని కొట్టేయడం కూడా ప్రమాదమే. 2012లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనా సమీక్ష ప్రకారం సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి నొప్పి ఉంటుంది. ముగ్గురిలో ఒకరికి తుంటి కీలు పక్కకు జరుగుతుంది. నలుగురిలో ఒకరికి మూర్ఛ, ఐదుగురిలో ఒకరికి నిద్ర సమస్య.

కాబట్టి ఇదివరకు లేని ఏడుపు కొత్తగా మొదలైతే, స్నానం చేయించేటప్పుడో డైపర్ మార్చేటప్పుడో కాలు కదిపితే అరిస్తే, రాత్రిళ్ళు నిద్ర లేకపోతే, ముందు డాక్టర్‌కి చూపించాలి. పిప్పి పన్ను, చెవిపోటు, మలబద్ధకం, కడుపులోంచి పైకి తన్నే పులుపు, తుంటి. ఇవన్నీ చూశాకే మిగతా మాట. కళ్ళు ఒక్కసారిగా నిలిచిపోవడం, ఒళ్ళు ఒకే లయలో కొట్టుకోవడం లాంటివి ఉలికిపాటు కాకపోవచ్చు, మూర్ఛ కావచ్చు. అట్లాంటిది కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. నోటితో వర్ణించడం కంటే అది చాలా ఉపయోగం.

తక్కువ తెలిసే పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. వేడినీళ్ళు కాలినా, చీమలు కుట్టినా చెప్పరు. కాళ్ళకు బిగించే స్ప్లింట్లు విప్పాక చర్మం మీద ఎర్రటి మచ్చ అరగంట దాటినా పోకపోతే, అది ఒరుసుకుంటోందని అర్థం. సరిచేయించాలి. కొందరికి నోట్లోంచి చొల్లు కారుతున్న సంగతే తెలియదు. "మింగరా" అని కసిరితే లాభం లేదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

అక్క చేసినవి, థెరపిస్టులు మాకు చెప్పినవి కొన్ని చెబుతాను. మీ ఇంట్లో బిడ్డకు ఏది సరిపోతుందో మీ థెరపిస్టుతో మాట్లాడి చూడండి.

ఒక వారం నోట్స్ రాయండి. ఎప్పుడు ఏడ్చాడు, అంతకు ముందు ఏం జరిగింది, దేనికి ఊరుకున్నాడు. మూడే గడులు. అక్క ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేది, నేను రాసేవాణ్ణి. వారం తిరిగేసరికి మాకు అర్థమైంది: వాడి ఏడుపుల్లో సగానికి పైగా వెనక నుంచి ఎవరో వచ్చి ఎత్తుకున్నప్పుడే.

చెప్పి చేయండి. ఎదురుగా వచ్చి, "చిన్నోడా, ఎత్తుకుంటున్నా, ఒకటి, రెండు, మూడు" అని, నెమ్మదిగా. చేతులు గుండెకు దగ్గరగా, మోకాళ్ళు మడిచి ఎత్తితే ఉలికిపాటు తగ్గుతుంది. కుక్కర్ పెట్టేముందు "విజిల్ వస్తుందిరా" అనడం ఇప్పుడు మా అవ్వకు కూడా అలవాటైంది.

తేలిగ్గా నిమరొద్దు, నిండుగా తాకండి. చాలామంది పిల్లలకు ఈకలా తగిలే స్పర్శ చిరాకు, అరచెయ్యి మొత్తం ఆనించి గట్టిగా పట్టుకుంటే ధైర్యం. మన నూనె మర్దనా ఇందుకే వాళ్ళకు నచ్చుతుంది. ముఖం మాత్రం చివర్న. కాళ్ళు, చేతులు, వీపు అయ్యాకే అక్కడికి రండి.

పాదాలు ఆనేలా కూర్చోపెట్టండి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే కొందరు పిల్లలకు లోయ అంచున కూర్చున్నంత భయం. పాదాల కింద ఒక పీట వేస్తే సగం బిగుసు తగ్గడం మా ఇంట్లో చూశాం. చీర ఉయ్యాలలో నెమ్మదిగా, ఒకే లయలో ఊపితే నిమ్మళిస్తారు. గిరగిరా తిప్పడం వేరు. మూర్ఛ ఉన్న పిల్లలకు డాక్టర్‌ని అడగకుండా అది చేయొద్దు.

తిండి దగ్గర యుద్ధం వద్దు. మెత్తటి పప్పన్నం తిన్నవాడు పెరుగన్నంలో ఒక్క ఆవగింజ తగిలితే వాంతి చేసుకుంటాడు. రెండు రకాల మెత్తదనం ఒకేసారి నోట్లోకి రావడం వాడికి కష్టం. అందుకే మార్పు ఒక్కో మెట్టు. ముందు కొత్త పదార్థాన్ని చేత్తో ముట్టుకోనివ్వాలి, తరవాత పెదవికి, ఆ తరవాతే నాలుకకు. రాగి సంగటి వాడు ముందు వేళ్ళతో పిసికాడు, తినడానికి నెల పట్టింది. తినేటప్పుడు దగ్గు, గొంతులో గుడగుడ, తరచూ రొమ్ముపడిశం ఉంటే అది వేరే విషయం. తిండి ఊపిరి గొట్టంలోకి పోతోందేమో డాక్టర్‌కి చూపించాలి.

చెంచా సంగతి మా ఊరివాళ్ళు ప్రత్యేకంగా వినాలి. కొందరు పిల్లలకు పళ్ళకు స్టీలు తగలగానే దవడ బిగుసుకుపోతుంది. కొరకాలని కొరకడం కాదు, దానంతటదే జరుగుతుంది. అప్పుడు చెంచా గుంజితే ఇంకా బిగుస్తుంది. ఓపిగ్గా ఆగితే దవడే వదులుతుంది. చల్లగా, గట్టిగా తగిలే లోహం బదులు మెత్తటి రకం వాడమని థెరపిస్టు అన్నారు. కొండ కింద ఇల్లు పెట్టుకుని మేం ఇంకెక్కడ వెతకాలి? ఉదయగిరి కోటకు ఎంత పేరుందో ఇక్కడి చెక్క చెంచాలకూ అంత పేరు. నర్ది, బిక్కి లాంటి చెట్ల కర్రతో చేత్తో చెక్కుతారు, జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్క ఒక మందపాటి చిన్న చెంచా తెచ్చి, అంచులు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసి వాడింది. చిన్నోడికి అది సరిపడింది. బాగా గట్టిగా కొరికే పిల్లలకు మాత్రం సిలికాన్‌దే మేలు. పల్చటి చెక్క, పెళుసు ప్లాస్టిక్ నోట్లో విరిగే ప్రమాదం ఉంది.

ప్యాకేజీలు జాగ్రత్త

'సెన్సరీ' అనే మాటకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. రంగు లైట్ల గది, బరువు జాకెట్టు, ఒళ్ళంతా బ్రష్ రుద్దడం. వీటితో పిల్లాడు నడిచేస్తాడని ఎవరైనా అంటే నమ్మొద్దు. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది: ఈ థెరపీలకు ఆధారాలు పరిమితం, 'సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్' అని విడిగా ఒక జబ్బు పేరు రాయడం తగదు, థెరపీ వాడితే ఫలితం వస్తోందో లేదో కొలిచి చూసుకోవాలి. 

మరి కదలికకు పనికొచ్చేదేంటి? బిడ్డ రోజువారీ చేయాలనుకునే పనినే లక్ష్యంగా పెట్టుకుని, బిడ్డ చేతే మళ్ళీ మళ్ళీ చేయించే సాధనకు గట్టి ఆధారాలున్నాయి. గ్లాసు పట్టుకోవడం, గంట కొట్టడం, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళడం. ఇంద్రియాల ఇబ్బందిని అర్థం చేసుకోవడం ఆ సాధనకు దారి సుగమం చేస్తుంది. దానికి బదులు కాదు. ఎవరైనా ప్యాకేజీ చెబితే ఒక ప్రశ్న అడగండి: "మూడు నెలల తరవాత మా బిడ్డ ఇప్పుడు చేయలేని ఏ పని చేస్తాడు?" సూటిగా జవాబు చెప్పలేకపోతే డబ్బు కట్టొద్దు. ఒక సెంటర్‌లో అక్క ఈ ప్రశ్న అడిగింది. బ్రోషర్ చేతిలో పెట్టారు. లేచి వచ్చేసింది.

ఎక్కడికి వెళ్ళాలి?

పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీలకూ, బడులకూ వచ్చే వైద్య బృందం అదే. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. బడికి రాలేని పిల్లల ఇంటికే టీచర్ వచ్చే ఏర్పాటు కూడా ఉంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వానికి చెందిన సీఆర్‌సీ, అంటే దివ్యాంగుల పునరావాస కేంద్రం ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఆధ్వర్యంలో అది నడుస్తుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో సెరిబ్రల్ పాల్సీ కూడా వస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. కాబట్టి "ఇంట్లో ఉంచుకోండి" అనే అధికారం ఎవరికీ లేదు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. వీటిలో చాలావాటికి వైకల్య ధ్రువపత్రం కావాలి. సదరం క్యాంపు స్లాట్ గురించి మీ సచివాలయంలో అడగండి. క్యాంపుకు వెళ్ళే రోజు బిడ్డకు ఇష్టమైన దుప్పటి, తిండి తీసుకెళ్ళండి. వరసలో నిలబడే చోటికి కాస్త దూరంగా, నీడలో కూర్చోపెట్టండి. లోపలికి వెళ్ళేసరికి బిడ్డ కాస్త కుదురుగా ఉంటాడు.

ఇది మీ పని కూడా

మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ లేకపోవచ్చు. మీ వీధిలో ఉండొచ్చు. వినాయక చవితికి డీజే పెట్టేది మనమే కదా, మన వయసు వాళ్ళమే. ఆ ఇంటి ముందు బాక్సులు పెట్టకండి. ఊరేగింపు ఏ టైముకు ఆ ఇంటి మీదుగా వస్తుందో ముందే వాళ్ళమ్మకు ఒక మెసేజ్ పెట్టండి. దీపావళికీ అంతే. పోయినేడు మా వీధి కుర్రాళ్ళు ఆ ఇంటి దగ్గరికొచ్చేసరికి డీజే ఆపి, ఒక్క డప్పు తెచ్చి చిన్నోడి ముందు పెట్టారు. మొదటి దెబ్బ వాడి చేతే కొట్టించారు. తరవాత వాళ్ళు వాయించినా వాడు ఏడవలేదు.

ఇంకోమాట. ఇట్లాంటి పిల్లల్ని ఎవరింట్లోనైనా కలిస్తే ముందు బుగ్గ గిల్లకండి. ఎదురుగా కూర్చుని పేరు పెట్టి పలకరించండి. "చెయ్యి పట్టుకోనా?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టండి. వాళ్ళ జవాబు బయటికి రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. అది నవ్వో, చూపో, వేలి కదలికో కావచ్చు. వచ్చేదాకా ఆగండి.